వెనక సీట్లో కేకు

మునగాల ఊరు ఇంకా రాకముందే కారులో గాలి వేడెక్కింది.

రజని కంగారుగా వెనక్కి తిరిగి చూసింది. వెనక సీటులో ఒక పక్కన, చెక్కపలక మీద మూడంతస్తుల పెళ్లి కేకు.

సూర్యాపేటలో ఇంట్లోనే కేకులు చేసి అమ్మే రజనికి ఇదే మొదటి పెళ్లి ఆర్డరు. కోదాడ చేరేదాకా అది చల్లగా ఉండాలి. క్రీము జారిపోతే మళ్లీ ఏ పెళ్లివాళ్లూ తనను పిలవరు.

"ఏసీ పెంచు."

"ఫుల్లుగనే ఉంది," అన్నాడు భర్త ఉపేందర్. "గాలొస్తుంది గాని, సల్లగ వస్తలేదు."

"నిన్ననే గదా గ్యాస్ నింపించినం?"

"నింపినోన్ని అడుగు. నన్నంటే ఏమొస్తది?"

రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు కనిపిస్తే ఉపేందర్ కారు ఆపాడు. బయట ఆటో ఎలక్ట్రీషియన్ అని బోర్డు. లోపల వైర్లన్నీ బయటికి తీసిన ఆటో ఒకటి నిలబడి ఉంది. పక్కన స్టూలు మీద ఒక పెద్దావిడ, ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది.

"ఆగాలె అన్నా," అన్నాడు మెకానిక్ బాల్యా, తల ఎత్తకుండానే. "ఈ ఆటో అయినంకనే."

"ఆగితే మా కేకు కరిగిపోతది," అంది రజని. "ముందు మాది చూడు."

"వీళ్లు పొద్దటి సంది ఉన్నరక్కా."

పెద్దావిడ లేచి వచ్చి కారు అద్దంలోంచి లోపలికి చూసింది.

"పెళ్లి కేకా బిడ్డా?"

"అవును." రజని ముఖం పక్కకు తిప్పుకుంది.

"వాళ్లది ముందు సూడు నాయనా," అంది పెద్దావిడ బాల్యాతో. "అది ఖరాబైతది. మనమైతే ఖరాబు గాం గదా."

ఆటో డ్రైవర్ ఏదో గొణిగాడు. ఆమె పట్టించుకోలేదు.

బాల్యా బానెట్ ఎత్తి గేజీ తగిలించాడు. "గ్యాస్ మంచిగనే ఉంది. కంప్రెషర్ తిరుగుతలేదు. కరెంటు అందుతలేదన్నట్టు."

టెస్ట్ ల్యాంపును ఫ్యూజుకు ఆనించాడు. వెలిగింది. కంప్రెషర్ వైరుకు ఆనించాడు. వెలగలేదు.

ఏసీకి కరెంటు అందించే రిలే చెడిందేమోనని, హారన్ రిలే పీకి దాని చోట గుచ్చి చూశాడు. అయినా కంప్రెషర్ కదలలేదు.

"ఇంకెంతసేపు?" అంది రజని.

"కరెంటు ఏడ ఆగిందో అది నాకు ఫోన్ చేసి చెప్పదు గదక్కా."

ఎండ కారు వెనక అద్దం మీదికి జరిగింది. పెద్దావిడ సంచిలోంచి గొడుగు తీసి, అద్దానికి అడ్డంగా పట్టి నిలబడింది. నీడ కేకు మీద పడింది, ఎండ ఆమె మీద పడింది. చెయ్యి నొప్పి పుట్టినప్పుడల్లా చెయ్యి మార్చుకుంటోంది.

"అద్దానికి ఆనియ్యకు పెద్దమ్మా. గీతలు పడ్తయ్," అంది రజని.

"ఆనియ్యలే బిడ్డా."

బాల్యా రిలే గుచ్చే చోట సెల్‌ఫోన్ లైటు వేసి వంగి చూశాడు. లోపల పచ్చగా ఏదో గడ్డకట్టి ఉంది.

"అక్కా, బండికి పూజ చేసిన్రా?"

"శుక్రవారం. నేనే చేసిన."

"పసుపు ఏడేడ పెట్టిన్రు?"

"అన్నిటికి పెట్టిన. మూతలు తీసి లోపల గూడ."

ఉపేందర్ నవ్వాడు. "మా ఆమె ఏ పనీ సగం చెయ్యదు తమ్ముడూ."

"తడి పసుపు సందులల్ల దిగి చిలుం పట్టింది. ఇగ కరెంటెట్ల పోతది?"

బాల్యా చిలుము గీకి, పెట్రోలుతో తుడిచి, రిలే మళ్లీ గుచ్చాడు. టక్కుమని శబ్దం వచ్చింది. చల్లగాలి మొదలైంది.

రజని గబగబా ఎక్కి తలుపు వేసుకుంది.

పెద్దావిడ గొడుగు ముడిచి కిటికీ దగ్గరకు వచ్చింది. "కోదాడకేనా బిడ్డా? నన్ను గూడ ఎక్కించుకోరాదు. ఈ ఆటో ఇప్పట్ల అయ్యేటట్టు లేదు. కేకు పక్కన కూసోని, కదలకుండ పట్టుకుంట."

ఉపేందర్ చెయ్యి తలుపు లాకు తీయబోయింది. రజని ఆ చెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడే సల్లబడుతుంది. తలుపు తీస్తే అంతా పోతది," అంది భర్తతో మెల్లగా. తర్వాత అద్దం సందులోంచి, "జాగ లేదు పెద్దమ్మా. బస్సు వస్తది," అంది.

"మంచిది బిడ్డా. పైలంగ పోండ్రి."

కోదాడలో చర్చి పక్క హాలుకు చేరేసరికి కేకు చెక్కుచెదరలేదు. పెళ్లికూతురు తండ్రి దేవదాసు చుట్టూ తిరిగి చూసి, "మస్తు చేసినవమ్మా," అన్నాడు. రజనికి అప్పుడు ఊపిరాడింది.

పెళ్లికూతురు ప్రమీల కేకు ముందు నిలబడింది. ఫొటోలు తీశారు. కానీ చాకు ఎవరూ పట్టుకోలేదు.

హాలులో కూలర్లు తప్ప ఏసీ లేదు. చూస్తుండగానే పై అంతస్తు మీది క్రీము పువ్వు తలవంచింది.

"సార్, ఇగ కోయించండి. ఆగదు," అంది రజని.

"ఇంకొంచెం ఆగమ్మా. ఒక మనిషి రావాలె."

"కేకు కోయడానికి ఎవరొస్తే ఏంది సార్? ఇంతమంది ఉన్నరు గదా."

"ఆమె రానిది నేను కోయ," అంది ప్రమీల.

దేవదాసు నిట్టూర్చాడు. "మునగాల కాడ ఆటో ఖరాబైందట. మా తమ్ముడు కారేసుకొని పోయిండు. రిపేరు నడుస్తుంటే తన వంతు ఎవరికో ఇచ్చిందట. ఆమె గుణమే అంత."

ఉపేందర్ రజని వైపు చూశాడు. రజని కేకు వైపే చూస్తూ ఉండిపోయింది. పై అంతస్తు నెమ్మదిగా ఒక పక్కకు ఒరుగుతోంది.

"ఎవరు సార్ ఆమె?" అన్నాడు ఉపేందర్.

"లచ్చమ్మ. ప్రమీలను కని మా ఇంటామె కండ్లు మూసిననాడు, ఒళ్లో పాలు తాగే తన బిడ్డను ఒక పక్కకు జరిపి, మా పిల్లకు జాగ ఇచ్చిన తల్లి."