గేదె ఎంచిన పరిమళం

యాభై నాలుగు డిగ్రీల ఎండలోనూ మా ఊళ్ళో ఎవరికీ చెమట పట్టని రోజులవి. అందరూ చంకలకు చెమట ఆపే వాసన మందు రాసుకునేవాళ్ళే. మా కోడలు సుభాషిణి ఘాటైన సంపెంగ రకం రాసుకున్నాక మా గేదె ఆమెను పోల్చుకోలేక పాలివ్వడం మానేసింది. పొదుగు రాయిలా బిగిసింది. మరో పూట ఆగితే జబ్బే.

కోడలు సంపెంగ కడిగేసుకున్నా అది దగ్గరికి రానివ్వలేదు. దాంతో నన్ను వెంటబెట్టుకుని, గేదెను ఆ మందులమ్మే దుకాణానికి తోలుకొచ్చింది.

"ఏమ్మా, దీనికి పెళ్ళిచూపులా?" అన్నాను.

"మాటలాపి పలుపు పట్టుకోండి మావయ్యా!"

"మీకు గులాబీ నప్పుతుందమ్మా," అంది దుకాణంలో మనిషిలా తిరుగుతూ సరుకు అమ్మే యంత్రం.

"నచ్చాల్సింది దీనికి. మూతలు తియ్యి!"

గేదె పదహారు సీసాలకు చీదింది. పచ్చగడ్డి వాసన లేశంగా ఉన్న పదిహేడోది కోడలు రాసుకోగానే, ఆమె మోచెయ్యి నాకి, ఒట్టు, గుమ్మంలోనే పాలధారలు వదిలింది. ఇంత ఉపాయం ఏ యంత్రానికి తడుతుంది? అమ్మే యంత్రం సీసాలు వదిలేసి బకెట్టు కోసం పరిగెత్తింది.