మలుపులో చప్పుడు

“మీరే చంపిండ్రు. ఇంకెవ్వలు కాదు.”

దొర లారీ కింద వెల్లకిలా పడుకుని ఆ మాట విసిరాడు జంగా. పక్కన గొంతుకూర్చున్న డ్రైవర్ బాలనర్సింహ ఉలిక్కిపడ్డాడు.

“ఎవల్ని?”

“బండిని. ఇంకెవల్ని?”

బాలనర్సింహ ఊపిరి వదిలాడు. “జర మెల్లగ అను. నా తప్పని దొర చెవుల పడ్డదంటే నా వీపు పగుల్తది. పొద్దుగూకేలోపు సర్కారు లెవీ వడ్లు ఎత్తాలె.”

ఇబ్రహీంపట్నంలో మోటారు పని తెలిసినవాడు జంగా ఒక్కడే. దొర లారీ మూలిగితే ఊరంతా ఉరకాలి. జంగా వాళ్ల అన్న కొండల్ వెట్టికి రానన్నాడు; బేస్తవారం నుంచి అతను కనబడకపోతే మాత్రం పోలీసు అమీను కలమైనా ఎత్తలేదు. పట్నం పోయాడని దొర మనుషులు చెప్పారు. ఐదు రోజులైంది. తల్లి నీలమ్మ రోజూ వాడి వంతు రొట్టె మూతపెట్టి, తెల్లారి గొడ్డుకు వేస్తోంది. జంగా ఏడవలేదు. పిలిస్తే పనికి వచ్చాడు, అంతే.

“సప్పుడు ఎప్పటిసంది?”

“శుక్రారం సంది.”

“సక్కగ పోతే వస్తదా?”

“రాదు. మలుపుల్నే. టక్, టక్.”

జంగా వెనక ఇరుసును జాకీల మీద లేపాడు. కట్టుకున్న ఎండు బురదను పారతో గీకేశాడు. ఇరుసు నడుమ ఉబ్బుగా ఉన్న డిఫరెన్షియల్‌కు కర్ర ఒక కొస ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు.

“ఒక చక్రం తిప్పు.”

తిప్పితే అవతలి చక్రం వెనక్కి తిరిగింది. లోపల టక్కుమంది.

“బేరింగులు మంచిగనే ఉన్నయి. మలుపుల రెండు చక్రాలను యేరే యేరే తిరగనిచ్చే చిన్న పండ్ల చక్రాలుంటయి. గవే పోయినయి.”

నూనె వదిలాడు. ఇనుప తట్టలో నల్లటి నూనె అడుగున ఆ చక్రానిదే ఉక్కు పన్నొకటి దొరికింది.

“పాత బండి, అరిగిందని చెప్పరాదూ?”

“అరిగితే నున్నగుంటది. ఇది ఇరిగింది. ఒక చక్రం గట్టి నేల మీద, ఒకటి బురదల. మస్తుసేపు రేసు తొక్కినవ్. అవునా?”

బాలనర్సింహ దొర ఇంటి వైపు చూశాడు.

“నర్సింహన్నా, దొరకు ఏదో ఒకటి చెప్పాలె గద. బరువు ఎక్కువ ఏసుకొని దిగబడితే నీ తప్పు. నేల మెత్తగుంటే నేలది తప్పు. ఏది చెప్పమంటవ్?”

“నేలదే!” బాలనర్సింహ ముందుకు జరిగాడు. “బరువేడిది? పోయేటప్పుడు ఐదుగురం, గంతే.”

“గీ ఎండల మెత్తటి నేలేడిది?”

“పెద్ద చెరువు తూము కింద. మోకాలు లోతు దిగబడ్డది.”

“ఎట్ల తీసిండ్రు?”

“గోస పడ్డం. ఉన్నదే నలుగురం. నేను తోలిన, ముగ్గురు తోసిండ్రు. చేతులు పుండ్లైనయి.”

“అయ్యో” అన్నాడు జంగా. ఆ గొంతులో ఏమీ లేదు.

“గిట్లనే చెప్పు దొరకు. నీకు పుణ్యముంటది.”

“చెప్త. అమీనుకు గూడ చెప్త.”

“అమీనుకెందుకు? నవ్వులాటలాడకు, బండి జల్ది కానియ్యి.”

“బండి ఆగుతది.”

జంగా పన్నును తుడిచి రుమాలు కొంగున ముడి వేసుకున్నాడు. మట్టి గీకిన పార తీసి బాలనర్సింహ చేతిలో పెట్టాడు.

“నడువు, ఐదోవాణ్ణి యాడ పాతిండ్రో సూపియ్యి.”