కుదుపు లేని బండి

“రెండు సైకిళ్లు లోపల పట్టాలండి. చక్రాలు ఊడదీయకుండా. బండి వేగంగా పోవాలి. కుదుపు ఉండకూడదు.”

వచ్చినాయన పేరు జితేంద్ర. నరసరావుపేట మనిషి, హోసూరులో ఏదో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరట. వెంట ఒక కొండ సైకిలును నడిపించుకుంటూ వచ్చాడు. ఎర్ర రంగు, లావు టైర్లు, వెతికినా దుమ్ము లేదు.

“ఇది మా అమ్మాయిది. ఇంకోటి నాది, ఇంటి దగ్గరుంది. నేనిప్పుడే నేర్చుకుంటున్నా. తళి కొండల దాకా వెళ్లాలి.”

బేరం గడపలోకి వస్తే శ్రీరంగప్ప మొహం వెలగాలి. వెలగలేదు. హోసూరు పక్క మూకండపల్లిలో ముప్పై ఏళ్లుగా పాత బండ్లు అమ్ముతున్న ఆ పెద్దాయన శుక్రవారంతో దుకాణం కట్టేయాలి. స్థలం వాళ్లు అక్కడ అపార్ట్‌మెంటు కడతారు. మిగిలినవి మూడు బండ్లు. రెండింటిని ఇంకో యార్డు వాళ్లు తీసుకుంటామన్నారు. వెనక రేకుల షెడ్డులో ఉన్న తెల్ల వ్యానును మాత్రం ఊరికే ఇచ్చినా వద్దన్నారు.

అది శవాల బండి.

ఎనిమిది నెలల కిందట చేతిలో ఉన్నదంతా పోసి కొన్నాడు. ఇంజను బంగారం. లోపలి స్టీలు బల్ల పీకించాడు, సీటు వేయించాడు, రంగు మార్చాడు, కాగితాలు మార్పించాడు. మారనిది ఆయన నోరొక్కటే. అబద్ధం చెప్పి బండి అమ్మిన పాపాన ఎన్నడూ పోలేదు, అందుకని వచ్చినవాళ్లందరికీ ఉన్నమాట చెప్పాడు. పదకొండు మంది వచ్చారు. పదకొండు మందీ వెనక్కి చూడకుండా పోయారు.

దాన్ని స్టార్ట్ చేసిన రోజు పెళ్లాం పాపక్క ఆయన్ని గడప తొక్కనిచ్చేది కాదు. బయటే నిలబెట్టి నెత్తిన రెండు బిందెలు గుమ్మరించేది. ఇంటి ముందు నిలుపుకుందామంటే వీధంతా ఏకమై కాదంది. శుక్రవారంలోగా అమ్ముడుపోకపోతే కృష్ణగిరి నుంచి తుక్కు వ్యాపారి వచ్చి ముక్కలు కోసుకుపోతాడు. ముసలితనంలో మొగుడూ పెళ్లాల నోట్లోకి పోవాల్సిన నాలుగు మెతుకులూ ఆ ముక్కలతోనే పోతాయి.

పన్నెండోవాడికి మాత్రం చెప్పేది లేదని ఆ పొద్దునే ఒట్టు పెట్టుకున్నాడు.

ముందు మంచి బండ్లే చూపించాడు. మొదటిదాంట్లో సైకిలు పట్టాలంటే ముందు చక్రం ఊడదీయాలి. రెండోదాని స్ప్రింగులు చూడగానే జితేంద్ర తల అడ్డంగా ఊపాడు. సరిగ్గా వంగి కూడా చూడలేదు.

“ఆ షెడ్డులో ఉన్నది?”

శ్రీరంగప్ప షెడ్డు వైపు నడిచాడు. “అదీ ఉండాది సార్. చూడండి.”

జితేంద్ర బండి చుట్టూ తిరిగాడు. నంబరు పలక దగ్గర ఆగి చాలాసేపు చూశాడు.

“ఫ్యాన్సీ నంబరు కాదు సార్. బండి మాత్రం మంచిది.”

వెనక తలుపు తీసి సైకిలు ఎక్కించారు. చక్రం ఊడదీసే పనే లేకుండా కొలిచి చేయించినట్టు సరిపోయింది. పక్కన ఇంకోదానికీ చోటు మిగిలింది.

“శూలగిరి దాకా పోయి వస్తామా సార్? ముందర కూర్చోండి.”

“ఇక్కడే కూర్చుంటానండి,” అంటూ జితేంద్ర వెనక సైకిలు పక్కనే కూర్చున్నాడు.

హైవే ఎక్కగానే బండి తొంభై దాటింది. చెంబుతో నీళ్లు పెడితే తొణకవు. పోయినవాళ్లకు ఇంత సుఖం దేనికో ఆ బండి కట్టినవాడికే తెలియాలి. అద్దంలో చూస్తే జితేంద్ర సైకిలు హ్యాండిలు పట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నాడు. హాయిగా కునుకు తీస్తున్నాడనుకుని శ్రీరంగప్ప ఇంకాస్త తొక్కాడు. బండి తనను తానే అమ్ముకుంటోంది, తను నోరు మూసుకుంటే చాలు.

తిరిగి వచ్చాక జితేంద్ర దిగుతూనే అన్నాడు. “తీసుకుంటానండి. రేపు మా ఆవిడను తీసుకొస్తా. తను కూడా ఇందులో కూర్చుంటానంది.”

ఎనిమిది నెలలుగా ఎదురుచూసిన మాట అది. అయినా శ్రీరంగప్ప అడ్వాన్సు అడగలేదు. రేపు ఆ ఇల్లాలు ఏమీ తెలియక వచ్చి ఆ సీట్లో కూర్చుంటుంది. ఆ పిల్ల నవ్వుకుంటూ సైకిలు ఎక్కిస్తుంది. ఎప్పుడో ఒకనాడు ఎవడో నోరు జారతాడు. ఆ రోజు వాళ్లు తనకు పెట్టే శాపనార్థాలు ఇప్పుడే చెవిలో పడ్డట్టయింది. పొద్దున పెట్టుకున్న ఒట్టు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు.

“సార్, ఒక మాట. చెప్పకుండా అమ్మేద్దామనే అనుకున్నా. నా చేత కాలేదు. ఇది శవాలను మోసిన బండి సార్. బెంగళూరు ఆస్పత్రుల నుంచి ఈ పక్క ఊర్లకు తెస్తా ఉండింది. మీ సైకిలు దించుకోండి. పాపను దీంట్లో ఎక్కించొద్దండి.”

పన్నెండోవాడూ పోయాడని శ్రీరంగప్పకు అర్థమైంది. పోయే మనిషి వీపు చూడలేక పక్కకు తిరిగి, ఫోన్లో తుక్కు వ్యాపారి నంబరు వెతకసాగాడు.

“తెలుసండి,” అన్నాడు జితేంద్ర సైకిలు మీద చెయ్యి తియ్యకుండానే, “ఏడాది కిందట మా అమ్మాయి దివ్యశ్రీని ఇంటికి తెచ్చింది ఇందులోనే, బల్ల పక్కన సైకిలుకు చోటు లేదంటే ఆ రోజు దీన్ని ఆస్పత్రి దగ్గరే వదిలేసి వచ్చాం.”