ఇరవైమూడు గాట్లు

బంతి కుడివైపున ఉంటే, అంకన్న కేకలు వేసుకుంటూ ఎడమవైపుకు పరిగెత్తాడు.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని గట్టు మీద జనం నవ్వారు.

ఆ నవ్వు ఆగేలోపే రాజరత్నం గోల్ వేశాడు. ఆ ఏడాది కంభం జట్టుకు అది ఇరవైమూడో గోల్. ఇరవైమూడూ అతను వేసినవే. జనం అతన్ని భుజాల మీద మోశారు.

అంకన్న యర్రగొండపాలెం అవతల చెంచుగూడెం వాడు. ఆ ఏడాది మొదట్లో మిషన్ బంగళాకు తేనె అమ్మడానికి వచ్చి, ఆటగాడొకడు మంచం పడితే జట్టులో చేరాడు. ఒక్క గోలూ వేసిన పాపాన పోలేదు.

ఇక మిగిలింది నంద్యాలతో షీల్డు ఆట. అది గెలిపిస్తే బడిలో డ్రిల్లు మాస్టారు ఉద్యోగం ఇస్తానని మిషన్ దొరగారు రాజరత్నానికి మాటిచ్చారు.

ఆ రోజు నుంచి అతనికి అంకన్న కంట్లో నలుసయ్యాడు.

“బంతి ఈడుంటే ఆడికెందుకు ఉరుకుతావురా?”

“నేను ఆడికి ఉరికితేనే గదన్నా...” అని అంకన్న నసిగాడు.

రాజరత్నం మిగతా మాట విననే లేదు. నీకు ఆట రాదు, గూడేనికి పొమ్మన్నాడు. అతని చోట తన బావమరిదిని పెట్టుకున్నాడు.

అంకన్న జట్టు చొక్కా విడిచి, మడతపెట్టి ఇచ్చి వెళ్ళిపోయాడు.

షీల్డు ఆటలో నంద్యాల గోలు ముందు కాపలా కాసే ఇద్దరూ రాజరత్నాన్ని వదల్లేదు. ఏ ఊరివాళ్ళూ తనను ఇలా చుట్టుముట్టిన గుర్తు లేదు అతనికి. బావమరిది బంతి అందిస్తూనే ఉన్నాడు. కాలు ఆడించడానికే చోటు లేదు.

కంభం రెండు గోల్స్ తేడాతో ఓడింది. ఉద్యోగం మాట దొరగారు మళ్ళీ ఎత్తలేదు.

రాజరత్నానికి ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. అన్నం పెడితే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు. అంకన్న సగంలో ఆపిన ఆ మాట ఒక్కటే చెవిలో మిగిలింది.

నెల తర్వాత ఆ మాట వెతుక్కుంటూ గూడేనికి నడిచాడు. గుడిసె ముందు అంకన్న తల్లి ఓబులమ్మ కూర్చుని ఉంది.

“చలిజ్వరమొచ్చి పోయినాడు నాయనా. పదిదినాలైంది.”

చూరుకు వేలాడుతున్న విల్లు మీద కొత్త గాట్లు కనిపిస్తే, రాజరత్నం ఊరికే లెక్కపెట్టాడు.

ఇరవైమూడు.

“ఇవేందమ్మా?”

“కంభంలో మావోడు తోలిన వేటలంట. అరిచి పక్కకు మళ్ళించేది వీడు, నిలబడి కొట్టేది ఇంకొకడంట.”

“ఆ కొట్టినోని పేరు చెప్పినాడా?”

“మాలో కొట్టినోని పేరు ఎవురూ అడగరు నాయనా,” అంది ఓబులమ్మ. “వేట తోలినోనిదే.”