మన ఇల్లేది?

ఊరి చివర పొలాల్లో లేవబోయే విల్లాల బొమ్మను పెద్ద బోర్డు మీద వేస్తున్న పెయింటర్, నిచ్చెన దగ్గరికి వచ్చిన భార్యను చూసీ చూడనట్టు కుంచె ఆడిస్తూనే ఉన్నాడు.

"ఈ విల్లాలు వద్దని ఊరంతా గొంతు చించుకుంటుంటే, నువ్వు వాళ్లకి బోర్డు వేస్తున్నావా?"

"నాది కూలిపనే. వాళ్లిచ్చిన బొమ్మ వేశాను, అంతే."

"సరేలే. బొమ్మలో ఉన్న ఈ కాలువ మన కాలువే. దాని పక్కన మన ఇల్లేదయ్యా?"

అతను వెనక్కి వాలి చూశాడు. ఇల్లుండాల్సిన చోట పచ్చగడ్డి. పొద్దున్నే తన చేత్తో నున్నగా దిద్దిన గడ్డి.

కుంచెను ఎర్రరంగులో ముంచి, ఆ గడ్డి మీదే పెంకుల కప్పు వేశాడు. గోడలు లేచాయి. గుమ్మం వచ్చింది.

"గుమ్మంలో నన్ను కూడా వెయ్యి," అంది భార్య. "చేతులు కట్టుకుని కాదు. నడుం మీద పెట్టుకుని."