చెయ్యెత్తితే ఆపేస్తాను

"ఎందుకింత ఆలస్యం చేశారు?" అంది డాక్టరమ్మ, ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూస్తూ. "కాస్త ముందొచ్చుంటే చిన్న ఫిల్లింగ్‌తో పోయేది. ఇప్పుడు కుళ్లు నరం దాకా వెళ్లింది. రూట్ కెనాల్ తప్పదు."

అతను తల దించుకున్నాడు.

ఏం చెబుతాడు? ఒకరోజు డ్యూటీ ఉందన్నాడు. ఇంకోరోజు వానన్నాడు. ఈ గుమ్మం దాకా వచ్చి, "చాలామంది ఉన్నారు, రేపొద్దాం" అని వెనక్కి తిరిగిన రోజు కూడా ఉంది. లవంగ నూనెతో, ఉప్పునీళ్లతో, నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాడు. నిన్నటికి దవడ వాచింది. ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకు లేదు. "ఇవాళ కూడా తప్పించుకున్నారో, నేనూరుకోను" అంది భార్య. అందుకే వచ్చాడు. పక్కనే కూతురు, బడి మానేసి.

అతను కరెంటు లైన్‌మన్. గాలివానలో స్తంభాలెక్కి తెగిన తీగలు కలిపే మనిషి. తోటివాళ్లు 'పులి' అని పిలుస్తారు. ఆ పులికి పళ్ల డాక్టరంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు మత్తు లేకుండా, నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుంటే, పన్ను పీకారు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు.

"అసలేం చేస్తారండీ?" అని అడిగాడు.

"ముందు చిగుళ్లలో మత్తు ఇంజెక్షన్. చీమ కుట్టినట్టుంటుంది. కాసేపటికి ఆ వైపంతా మొద్దుబారుతుంది. తర్వాత పన్నుకి పైన చిన్న రంధ్రం చేసి, చెడిపోయిన నరం తీసేస్తాం. సన్నటి సూదుల్లాంటి వాటితో లోపలంతా శుభ్రం చేసి మూసేస్తాం. అంతే. మధ్యలో నొప్పనిపిస్తే చెయ్యెత్తితే చాలు, ఆపేస్తాను."

అతని మొహం పాలిపోయింది.

"ఏం కాదు నాన్నా. కళ్లు మూసుకో" అంది కూతురు, అతని చెయ్యి పట్టుకుని.

తల కొట్టేసినట్టయింది. ధైర్యం చెప్పాల్సిన తండ్రి, పిల్ల చేత చెప్పించుకుంటున్నాడు.

పెద్ద దీపం వెలిగింది. కుర్చీ వెనక్కి వాలింది.

"నోరు పెద్దగా" అంది డాక్టరమ్మ. అతని నోరు దానంతటదే తెరుచుకుంది.

సూది కనబడగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. కాసేపటికి మిషన్ గుయ్యిమంది. అతని చెయ్యి దానంతటదే పైకి లేచింది.

మిషన్ ఆగింది. "ఏమైంది?"

"ఏం లేదండీ... ఆ చప్పుడు..."

నర్సు మాస్కు వెనక నవ్వాపుకుంది. అతన్ని కాస్త పరీక్షగా చూసి, "మొన్న అంత వానలో మా వీధి స్తంభమెక్కింది మీరే కదూ?" అంది.

అతను కళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

మళ్లీ గుయ్యిమంది. మళ్లీ చెయ్యి లేచింది.

"చప్పుడుకి చెయ్యెత్తకండి. ఎక్కడి పని అక్కడ ఆగిపోతోంది" అంది డాక్టరమ్మ, ఈసారి కాస్త విసుగ్గానే.

చెవులు వేడెక్కాయి. కూతురు మాత్రం అతని వేళ్లు వదల్లేదు. నేనున్నానన్నట్టు మెల్లగా నొక్కుతూనే ఉంది. ఆ చిన్న చేతికున్న నిబ్బరం తనకి లేకపోయింది. నేల చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది.

ఎప్పటికో చప్పుడు ఆగింది.

"అయిపోయింది" అంది డాక్టరమ్మ గ్లవ్స్ తీస్తూ. "మత్తు వదిలేదాకా ఏమీ తినకూడదు. తెలీకుండా బుగ్గ కొరుక్కుంటారు. ఒకట్రెండు రోజులు సలుపుతుంది, మాత్ర వేస్తే తగ్గుతుంది. వచ్చే వారం క్యాప్ వేద్దాం."

అతను కళ్లు తెరిచాడు. ఎవరి మొహంలోకీ చూడలేకపోయాడు.

మొద్దుబారిన పెదవిని అరచేత్తో అదుముకుంటూ ఆ పెద్ద కుర్చీలోంచి మెల్లగా దిగిన కూతురు, "క్యాప్ వేయించుకోడానికి అమ్మతో వస్తాలే నాన్నా, నువ్వు భయపడకు" అంది.