రాజధానికి మొదటి బహుమతి

కొత్త రాజధాని నమూనాల పోటీలో మొదటి బహుమతి పండరికి వచ్చింది. ఆ సంగతి విన్నప్పటి నుంచి రాజేష్‌కు అన్నం సయించడం లేదు.

పోటీకి అతనూ నమూనా పంపాడు. గెలిచినవాళ్ళకు అసలు రాజధానిని గీసే బృందంలో ఉద్యోగం. ఆ ఉద్యోగం తనదేనని ఊరంతా చెప్పుకున్నాడు కూడా.

"గెలిచింది నీ దోస్తే గదా. గట్ల మొఖం మాడ్చుకుంటవేంది?" అంది భార్య కీర్తన.

"వాని కత చిన్నప్పటి సంది గంతే. అందరు వాన్నే నెత్తిన పెట్టుకుంటరు."

అందులో అబద్ధం లేదు. కాజీపేట బడిలో పండరి కోసం పదో తరగతి మొత్తాన్ని మేడ మీది నుంచి కిందికి మార్చారు. మిగతా పిల్లలు ఎండలో డ్రిల్లు చేస్తుంటే అతను నీడలో కూర్చుని బొమ్మలు గీసుకున్నాడు. అతని పుస్తకాల సంచి మోసింది రాజేషే. ఆ బొమ్మలు చూసి సార్లు మురిసిపోతుంటే పక్కన నిలబడి కుళ్ళుకున్నదీ రాజేషే.

ఆదివారం హన్మకొండలో బహుమతుల సభ. పొద్దున్నే పండరి ఫోన్ చేశాడు.

"నువ్వు పక్కా రావాలెరా. నువ్వు రాకుంటే నేను ప్రైజ్ తీసుకోను."

"పుండు మీద కారం చల్లుతాండు," అన్నాడు రాజేష్ ఫోన్ పెట్టేసి. అయినా వెళ్ళాడు. వెళ్ళకపోతే తన కుళ్ళు అందరికీ తెలిసిపోతుంది.

హాలు బయట నమూనాలు పెట్టారు. పండరి నగరంలో పాత చెరువులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకటి నిండితే నీళ్ళు తర్వాతి చెరువుకు పోతాయి. వీధుల పొడవునా కానుగ చెట్లు. కూలివాళ్ళ ఇళ్ళూ ఆఫీసర్ల ఇళ్ళూ ఒకే వీధిలో. చివరికి అసెంబ్లీ కూడా బజారుతో సమానంగా నేల మీదే ఉంది. రాజధాని అన్నాక కాస్త ఠీవి ఉండొద్దా అనుకున్నాడు రాజేష్. తన అసెంబ్లీని అతను గుట్ట మీద పెట్టాడు. దాని ముందు పైదాకా నల్లరాతి మెట్లు.

"నీది మస్తుందిరా," అన్నాడు పండరి పక్కనుంచి. "గా మెట్లు చూస్తెనే భయమైతాంది."

వెక్కిరింపే. రాజేష్ పళ్ళు కొరికాడు.

సభలో పండరికి మొదటి వరుస. పక్క కుర్చీలో రాజేష్‌నే కూర్చోమన్నాడు. ఓడినవాడిని దగ్గర పెట్టుకుని చూడాలని సరదా కాబోలు. 

వేదిక మీది పెద్దమనిషి మైకు అందుకున్నాడు. "ఎవరినీ బయట నిలబెట్టని నగరం ఇది. ఇందులో అందరికీ చోటుంది. పండరి గారిని వేదిక మీదికి రావలసిందిగా కోరుతున్నాం."

చప్పట్లు మోగాయి. పండరి కదల్లేదు. మళ్ళీ పిలిచారు. అయినా రాజాలా కూర్చునే ఉన్నాడు. మెల్లగా రాజేష్ వైపు తిరిగి నవ్వాడు.

"లే మరి," అన్నాడు.

లేవకపోతే ఏం చేస్తాడో చూద్దామనిపించింది రాజేష్‌కు. ఆ ఒక్క క్షణం ప్రాణానికి ఎంతో హాయిగా ఉంది.

తర్వాత లేచి, వేదికకు ఉన్న నిటారు మెట్ల వైపు ఒకసారి చూసి, బడి రోజుల్లో లాగే పండరి చక్రాల కుర్చీ ముందు వీపు ఒగ్గి కూర్చున్నాడు.